దొరలు ఇంకో యాభై ఏండ్లు ఉండింటే?

పోయిన నెల ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పేరేసంద్రలో యువతతో కూర్చున్నాం. గుడిబండకు తిరిగే క్రాసుకు దగ్గరే. హైదరాబాదు హైవే మీద లారీల మోత ప్రార్థనలోకి కూడా వచ్చేస్తుంది. చిక్కబళ్ళాపురం నుంచి, బాగేపల్లి నుంచి, చింతామణి వైపు పల్లెల నుంచి ఓ ముప్పై మంది వచ్చారు. మా ప్రాంతం తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. ఇక్కడ ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడ. మాలో చాలామందికి తెలుగు అక్షరాలు వచ్చింది బైబిలూ పాటల పుస్తకమూ పట్టుకునే. ఆ రోజు చదువుకున్నది నిర్గమకాండం. అక్కడినుంచి మాట దేశ స్వాతంత్ర్యం మీదికి మళ్ళింది. అప్పుడు వెనక వరసలోంచి ఒక తమ్ముడు లేచి అన్నాడు:

"అన్నా, దొరలు ఇంకో యాభై ఏండ్లు ఉండింటే మనోళ్ళు ఎక్కడో ఉండేవాళ్ళు. తొందరపడి పంపించేసినారు."

చప్పట్లు కొట్టారు. ఒకరిద్దరు కాదు, సగం మంది. మేము కొట్టలేదు. ఎందుకు కొట్టలేదో ఆ రోజు సరిగ్గా చెప్పలేకపోయాం కూడా. లంచ్‌కు టైమైంది, అన్నం చల్లారిపోతుందని ఆడవాళ్ళు పిలిచారు. ఈ వ్యాసం ఆ తమ్ముడికి, చప్పట్లు కొట్టినవాళ్ళకు మేము బాకీపడ్డ జవాబు.

ముందుగా ఒప్పుకోవాల్సింది ఒప్పుకుందాం. ఆ మాట తెలివితక్కువతనం వల్ల వచ్చింది కాదు, బాధలోంచి వచ్చింది. చింతామణి తాలూకా కంబాలపల్లిలో 2000 మార్చి 11న ఏడుగురు దళితులను ఇంట్లోపెట్టి సజీవంగా కాల్చేశారు. స్వతంత్ర భారతదేశంలో, ఎన్నికైన ప్రభుత్వం ఉండగా. కోర్టుకొచ్చేసరికి సాక్షులు మాట మార్చారు. 2006లో నిందితులందరినీ వదిలేశారు, 2014లో హైకోర్టు దాన్నే ఖాయం చేసింది. ఆ మంటల వాసన ఊహ తెలిసిన నాటినుంచి వింటూ పెరిగిన కుర్రవాడికి "మనకు స్వాతంత్ర్యం వచ్చింది" అంటే నవ్వొస్తుంది. ఇంకోపక్క చిక్కబళ్ళాపురంలో లండన్ మిషన్ వాళ్ళు పెట్టిన ఆసుపత్రి ఇప్పటికీ ఉంది. వాళ్ళ అవ్వ కాన్పు అక్కడే అయ్యుంటుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుంటే, దొరే నయం అనిపించడం వింతేమీ కాదు.

అయినా ఆ మాట తప్పు. అది నిజమని చరిత్ర చెప్పకపోగా, అబద్ధమని రెండుసార్లు చూపించింది. ఒకసారి మన ఊళ్ళలోనే. ఇంకోసారి సముద్రం అవతల, స్పెయిన్ చేతిలో మూడు వందల ఏళ్ళకు పైగా ఉన్న ఫిలిప్పీన్స్‌లో.

మన ఊళ్ళ సంగతి మొదట. తమ్ముడు అడిగింది యాభై ఏండ్లు కదా. మైసూరు సంస్థానాన్ని రాజు చేతిలోంచి తీసుకుని బ్రిటిష్ కమిషనర్లు సూటిగా ఏలిన కాలం 1831 నుంచి 1881 దాకా. లెక్క వేసుకోండి, సరిగ్గా యాభై ఏళ్ళు. కబ్బన్ దొర, బౌరింగ్ దొర పేర్లు బెంగళూరు పార్కుకూ ఆసుపత్రికీ ఇప్పటికీ ఉన్నాయి. పేరేసంద్ర, బాగేపల్లి, చింతామణి అన్నీ ఆ పాలన కిందే ఉన్నాయి. ఆ యాభై ఏళ్ళు ముగియబోయే ముందు వచ్చింది 1876-78 కరువు. మైసూరు రాజ్యంలో సుమారు పది లక్షల మంది చచ్చిపోయారు. ఉన్న జనంలో దాదాపు ఐదో వంతు. కోలారు వైపు దెబ్బ మరీ గట్టిగా తగిలింది. దేశంలో తిండిగింజలు లేక కాదు, ఆ ఏళ్ళలో కూడా రేవుల్లోంచి ధాన్యం ఇంగ్లండుకు ఎగుమతి అవుతూనే ఉంది. వైస్రాయి లిట్టన్ ధరల జోలికి పోవద్దన్నాడు. సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనులకొచ్చిన కూలీకి రోజుకు ఒక పౌను గింజలు, పైన కాస్త కాసు చాలని నిర్ణయించాడు. అంటే అర కేజీకి తక్కువ, రోజంతా మట్టి మోసినందుకు. ముందుగా పోయింది ఎవరో వేరే చెప్పాలా? భూమి లేనివాళ్ళు, పాతరలో గింజ లేనివాళ్ళు.

అదే కరువులో ఒంగోలు దగ్గర క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ పని తీసుకుని మాదిగలకు కూలి ఇప్పించాడు, 1878 జూలై 3న ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ కథ మనకు సండేస్కూల్లోనే తెలుసు. ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది, దాన్ని విప్పకపోతే ముందుకు పోలేం. మనం "దొరలు" అనే ఒక్క మాటలో ఇద్దరిని కలిపేస్తున్నాం. కరువులో అన్నం పెట్టిన మిషనరీ ఒకడు, కరువులో ధాన్యం ఓడకెక్కించిన ప్రభుత్వం ఇంకొకటి. ఈస్టిండియా కంపెనీ 1813 దాకా మిషనరీలను తన భూమి మీద కాలు పెట్టనివ్వడానికే ఇష్టపడలేదు. విలియం కేరీ డెన్మార్క్ వాళ్ళ శ్రీరామపురంలో తలదాచుకుని బైబిలు అచ్చు వేశాడు. ఆసుపత్రికి కృతజ్ఞత చెప్పండి, మేమూ చెప్తాం. ఆ కృతజ్ఞతను కలెక్టరు కచేరీకి, పన్ను వసూలు చేసినవాడికి కట్టబెట్టకండి.

దీనికి ఇంకో జవాబు వస్తుందని మాకు తెలుసు. "బ్రిటిష్‌వాళ్ళు వ్యాపారం కోసం వచ్చారన్నా, భక్తి కోసం కాదు. నిజంగా క్రీస్తు పేరుమీద ఏలిన రాజ్యమైతే వేరేగా ఉండేది." సరే. అలాంటి రాజ్యం ఒకటి ఉండింది. దాన్ని చూద్దాం.

1565లో లెగాస్పి అనే సేనాని ఓడల మీద సైనికులతో పాటు అగస్టీనియన్ సన్యాసులను వెంటబెట్టుకుని ఫిలిప్పీన్స్‌లో దిగాడు. అప్పటినుంచి 1898 దాకా, 333 ఏళ్ళు స్పెయిన్ పాలన. రాజుది, చర్చిది ఒకే చెయ్యి. దక్షిణాన ముస్లిం దీవులు, కొండ జాతులు తప్పిస్తే జనమంతా బాప్తిస్మం పొందారు. ప్రతి ఊరి నడుమ రాతి చర్చి, దాని గంట వినిపించేంత దూరంలో ఇళ్ళు. మన కుర్రవాళ్ళు కలలు గనే క్రైస్తవ రాజ్యం ఇదే కదా? అక్కడ పదహారు నుంచి అరవై ఏళ్ళ మధ్య ప్రతి మగవాడూ ఏటా నలభై రోజులు ప్రభుత్వానికి వెట్టి చెయ్యాలి: ఓడలకు చెట్లు నరకడం, రోడ్లు వెయ్యడం, ఆ రాతి చర్చిలకే రాళ్ళు మొయ్యడం. 1884లో గానీ దాన్ని పదిహేను రోజులకు తగ్గించలేదు. ఇవ్వగలిగినవాడు డబ్బు కట్టి తప్పించుకోవచ్చు. మన వైపు బిట్టి చాకిరీ ఎవరు చేశారో, ఎవరు తప్పించుకున్నారో పెద్దవాళ్ళను అడిగితే చెప్తారు. అక్కడా అంతే. తేడా ఒకటే, అక్కడ చేయించినవాడూ చేసినవాడూ ఒకే బల్ల దగ్గర ప్రభువు రొట్టె తీసుకున్నారు.

మనీలా చుట్టూ మంచి భూములన్నీ మఠాలవి. డొమినికన్లు, అగస్టీనియన్లు, రికలెక్టులు పెద్ద పెద్ద ఎస్టేట్లకు యజమానులు. ఊరి గురువు, ఊరి భూస్వామి ఒకరే. కౌలు పెంచేది ఆయనే, పాపాలు ఒప్పుకునేదీ ఆయన దగ్గరే. అక్కడ పుట్టిన పూజారులకు మాత్రం మంచి విచారణలు దక్కవు, సహాయకులుగా ఉండిపోవాలి. ఫాదర్ మరియానో గోమెజ్, ఫాదర్ హోసే బుర్గోస్, ఫాదర్ హసింతో సమోరా — ఈ ముగ్గురూ దేశీయ గురువుల హక్కుల పక్షాన నిలబడినవాళ్ళు. 1872లో కవితె కోటలో సిపాయిలు, కూలీలు తిరగబడ్డారు. దాన్ని వీళ్ళే నడిపించారని నింద వేసి ఫిబ్రవరి 17న మనీలాలో గొంతుకు ఇనుప పట్టీ బిగించి చంపేశారు. గురువులను చంపింది అన్యులు కాదు, క్రైస్తవ ప్రభుత్వం. మన సంఘాల్లో బల్లారాధన ఎవరి చేతుల మీదుగా జరగాలి, కమిటీలో ఎవరు కూర్చోవాలి, సమాధుల తోటలో ఏ మూల ఎవరికి అన్న గొడవలు చూసినవాళ్ళం గనుక ఆ ముగ్గురి కథ చదివితే మాకు దూరదేశం కథలా అనిపించలేదు.

అప్పటికి హోసే రిజాల్ పదేళ్ళ పిల్లవాడు. పెద్దయ్యాక కంటి వైద్యుడయ్యాడు, నవలలు రాశాడు. 1887లో బెర్లిన్‌లో అచ్చయిన మొదటి నవలకు "నోలి మె తాంగెరె" అని లాటిన్ పేరు పెట్టాడు. యోహాను సువార్త 20వ అధ్యాయంలో తిరిగి లేచిన ప్రభువు మగ్దలేనే మరియతో అన్న మాట అది, నన్ను ముట్టుకోవద్దని. "ముట్టు" అనే మాటకు మన ఊళ్ళలో ఉన్న బరువు రిజాల్‌కు తెలియదు. తెలిసుంటే వేరే పేరు పెట్టేవాడేమో! 1891లో వచ్చిన రెండో నవలను ఆ ముగ్గురు గురువులకే అంకితం చేశాడు.

అందరూ రిజాల్‌ను నవలల కోసం తలుచుకుంటారు. మాకు ఆయన కలంబా గొడవలో ఎక్కువ దగ్గరగా కనిపిస్తాడు. కలంబా ఆయన సొంత ఊరు. ఊరి పొలాలు డొమినికన్ల ఎస్టేటు, రిజాల్ కుటుంబం కూడా వాళ్ళ దగ్గర కౌలుదార్లే. కౌళ్ళు ఏటేటా పెరగడం, అసలు ఎస్టేటు హద్దు ఎక్కడిదాకో కాగితం చూపించకపోవడం మీద ఊరంతా ఎదురు తిరిగింది. ఊరివాళ్ళ తరఫున లెక్కలు తీసి అర్జీ రాసింది రిజాలే. కేసు కోర్టులకెక్కింది. చివరికి గవర్నరు జనరల్ వెయ్‌లెర్ సైనికులను పంపించి కౌలుదార్లను ఇళ్ళలోంచి గెంటేయించాడు. రిజాల్ తల్లిదండ్రులు, అక్కచెల్లెళ్ళ కుటుంబాలు అందులో ఉన్నాయి. అహాబు రాజు నాబోతు ద్రాక్షతోటను ఆశించిన కథ గుర్తుకు రావడం లేదా? కలంబాలో అహాబు పక్కన ఏలీయా నిలబడలేదు. ఏలీయా వేసుకోవాల్సిన అంగీ వేసుకున్నవాళ్ళే తోట అడిగారు.

ఇప్పుడు "అలా జరిగి ఉంటే" అనే ఆట ఆడదాం. ఫిలిప్పీన్స్ చరిత్రలో దీనికి కావలసినన్ని మలుపులున్నాయి.

మొదటి మలుపు మన పక్కనుంచే మొదలైంది. 1762లో స్పెయిన్‌తో యుద్ధం రాగానే మద్రాసు నుంచి ఇంగ్లీషు ఓడలు మనీలా మీదికి పోయాయి. తెల్ల పటాలంతో పాటు వందలమంది మద్రాసు సిపాయిలు ఆ ఓడల్లో ఉన్నారు. ఇక్కడ హైదర్ అలీ చిక్కబళ్ళాపురం పాళెగాళ్ళను లొంగదీస్తున్న రోజులవి. అక్టోబరులో మనీలా పడిపోయింది. మద్రాసు కౌన్సిల్లోని డ్రేక్ అనే దొరే అక్కడ గవర్నరయ్యాడు. రెండేళ్ళకు, 1764లో, సంధి ప్రకారం స్పెయిన్‌కు తిరిగిచ్చేశారు. కొంతమంది సిపాయిలు మాత్రం వెనక్కి రాలేదు, మనీలా దగ్గర కాయింతాలో పెళ్ళిళ్ళు చేసుకుని ఉండిపోయారు. వాళ్ళ వంశాలు అక్కడ ఇప్పటికీ ఉన్నాయని చెప్పుకుంటారు. ఇంగ్లీషువాళ్ళు మనీలాను ఉంచుకుని ఉంటే? మద్రాసు గవర్నరు కిందే వాళ్ళూ మనమూ ఉండేవాళ్ళమేమో. మరి ఆ రెండేళ్ళలో ఏం జరిగిందో చూడండి. ఉత్తరాన ఇలోకోస్‌లో దియేగో సిలాంగ్ అనే ఉత్తరాలు మోసే మనిషి పన్నులు, వెట్టి పోవాలని జనాన్ని లేపాడు, ఇంగ్లీషువాళ్ళతో చెయ్యి కలిపాడు. వాళ్ళు బిరుదు ఇచ్చారు, సాయం వస్తుందన్నారు. సాయం రాలేదు. 1763 మేలో అతన్ని వెనకనుంచి కాల్చి చంపారు. పోరాటం అందుకున్న భార్య గాబ్రియేలాను సెప్టెంబరులో ఉరితీశారు. కొత్త దొర పాత దొరను తీసేస్తాడని నమ్మినవాళ్ళ గతి అది.

రెండోది రిజాల్ అడిగింది స్పెయిన్ ఇచ్చి ఉంటే అన్నది. ఆయన మొదట స్వాతంత్ర్యం అడగలేదు. ఫిలిప్పీన్స్‌ను స్పెయిన్‌లో ఒక రాష్ట్రంగా చూడండి, 1837లో తీసేసిన పార్లమెంటు సీట్లు తిరిగివ్వండి, చట్టం అందరికీ ఒకటిగా ఉంచండి అన్నాడు. నూరేళ్ళ తర్వాత తన దేశం ఎలా ఉంటుందని 1889-90లో ఒక పెద్ద వ్యాసం రాసి, వినకపోతే తిరుగుబాటు తప్పదనీ, అమెరికా కన్ను కూడా పడొచ్చనీ ముందే హెచ్చరించాడు. వినలేదు. 1896 డిసెంబరు 30న కాల్చేశారు. విని ఉంటే రక్తపాతం తప్పేది, అది చిన్న విషయం కాదు. కానీ ఆ సీట్లలో కూర్చునేది ఎవరు? స్పానిష్ చదువుకున్నవాళ్ళు, చెరకు తోటలున్నవాళ్ళు. కలంబాలో కౌలుకు కూడా భూమి దొరక్క కౌలుదారు చేల్లో కూలికి పోయేవాడి పేరు రిజాల్ అర్జీలో కూడా పెద్దగా కనిపించదు. రిజాల్‌ను ఎంత ప్రేమించినా ఈ మాట అనకుండా ఉండలేం.

మూడో మలుపే అసలైనది, మన యువత బాగా పట్టుకోవాల్సింది. కటిపునన్ అనే రహస్య సంఘాన్ని 1892లో పెట్టిన ఆంద్రెస్ బోనిఫాసియో మనీలాలోని తోందో పేటవాడు. చిన్నప్పుడు చేతికర్రలు, కాగితపు విసనకర్రలు చేసి అమ్మినవాడు, తర్వాత గోడౌనులో పనివాడు. తిరుగుబాటు మొదలుపెట్టింది అతనే. 1897 మార్చి 22న తెహెరోస్‌లో నాయకులు చేరి ప్రభుత్వాన్ని ఎన్నుకున్నారు. అధ్యక్ష పదవి అగినాల్డోకు పోయింది. బోనిఫాసియోకు హోం వ్యవహారాల పదవి వచ్చింది. అప్పుడు తిరోనా అనేవాడు లేచి, ఈ పదవికి లాయరు చదివినవాడు కావాలి గదా అన్నాడు. పోరాటం పుట్టించినవాడికి, ఇంకా పుట్టని ప్రభుత్వంలో అర్హత లేదట! బోనిఫాసియో ఆ సభను ఒప్పుకోలేదు. మే 10న అగినాల్డో ప్రభుత్వమే అతన్నీ తమ్ముణ్ణీ విచారణ పేరుతో కొండకు తీసుకుపోయి చంపించింది. ఆ సంవత్సరాంతానికి అగినాల్డో స్పెయిన్‌తో రాజీపడి, డబ్బు తీసుకుని హాంకాంగ్ పోయాడు. మళ్ళీ వచ్చి 1898 జూన్ 12న స్వాతంత్ర్యం ప్రకటించాడు. డిసెంబరులో స్పెయిన్ ఆ దేశాన్ని రెండు కోట్ల డాలర్లకు అమెరికాకు రాసిచ్చేసింది. రాసిచ్చిన గదిలో ఫిలిప్పీన్స్ మనిషి ఒక్కడూ లేడు.

బోనిఫాసియో బతికుంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. అతను లేకుండా ఏమైందో మాత్రం తెలుసు. 1903లో అమెరికా ప్రభుత్వం మఠాల దగ్గర దాదాపు నాలుగు లక్షల ఎకరాలను డెబ్బై లక్షల డాలర్ల పైచిలుకు ధరకు కొన్నది, కౌలుదార్లకు ఇస్తామని. కొనగలిగే స్తోమత కూలివాడికి ఎక్కడిది? చాలా భూమి డబ్బున్నవాళ్ళకే పోయింది. మిందోరోలోని ఒక ఎస్టేటు ఏకంగా అమెరికన్ చక్కెర వ్యాపారుల చేతిలో పడింది. 1946 జూలై 4న స్వాతంత్ర్యం వచ్చింది. 1957లో హసియెండా లుయిసితా అనే ఆరువేల హెక్టార్ల చెరకు ఎస్టేటును స్పెయిన్ కంపెనీ నుంచి కొహువాంగ్‌కో కుటుంబం ప్రభుత్వ సాయంతో కొన్నది, పదేళ్ళలో కౌలుదార్లకు పంచాలనే షరతు మీద. పంచలేదు. 2004 నవంబరులో సమ్మె చేసిన కూలీల మీద కాల్పులు జరిగి ఏడుగురు పోయారు. దేశాధ్యక్షులు ఇద్దరు ఆ ఇంటినుంచే వచ్చారు.

స్పెయిన్ పోయి అమెరికా, అమెరికా పోయి సొంతవాళ్ళు. జెండాలు మారాయి. చెరకు నరికేవాడు మారలేదు. ఇంగ్లండే ఉండిపోయినా, స్పెయిన్ వినిపించుకున్నా అతని రోజు ఇలాగే తెల్లారేది. అందుకే తమ్ముడూ, మేము చప్పట్లు కొట్టలేదు.

ఇక రెండో పక్కకు తిరగాలి. ఎందుకంటే ఈ వ్యాసం చదివి "చూశారా, వీళ్ళే ఒప్పుకున్నారు" అని సంబరపడేవాళ్ళు ఉంటారు. స్వాతంత్ర్యంలో క్రైస్తవులకు పాలు లేదని, తెల్లవాడి మతం తెల్లవాడితో పోవాలని గోడల మీద రాసేవాళ్ళు. స్పెయిన్ మీద గొంతెత్తి చచ్చిపోయినవాళ్ళలో ముగ్గురు పాస్టర్లు ఉన్నారని వాళ్ళకు చెప్పండి. ఇక్కడ గాంధీగారి "యంగ్ ఇండియా" నడిపి జైలుకు పోయిన కుమారప్ప క్రైస్తవుడని చెప్పండి. ఇంకా కావాలంటే పేరేసంద్ర నుంచి గుడిబండ మీదుగా గౌరిబిదనూరు వైపు తీసుకుపోయి విదురాశ్వత్థం చూపించండి.

1938 ఏప్రిల్ 25. ఉత్తర పినాకిని ఒడ్డున రావిచెట్టు దగ్గర జనం చేరారు. కాంగ్రెసు జెండా ఎగరేయకూడదని మైసూరు ప్రభుత్వం నిషేధించింది. పోలీసులు కాల్చారు. సర్కారు లెక్కలో పదిమంది, జనం లెక్కలో ముప్పై పైన. చచ్చినవాళ్ళలో ఎక్కువమంది మన చుట్టుపక్కల పల్లెలవాళ్ళే, మన యాసలోనే కేకలు వేసి ఉంటారు. ఆ కాల్పులకు దేశం కదిలింది. పటేలు, కృపలానీ వచ్చారు. దివాన్ మీర్జా ఇస్మాయిల్‌తో ఒప్పందమైంది. మైసూరు జెండా పక్కన కాంగ్రెసు జెండా కూడా ఎగరొచ్చని. దేశమంతా 1947 ఆగస్టు 15న పండగ చేసుకున్నాక కూడా మైసూరులో బాధ్యతాయుత ప్రభుత్వం కోసం జనం మళ్ళీ వీధిలోకి రావాల్సి వచ్చింది. అక్టోబరులో కె.సి. రెడ్డి మంత్రివర్గం ఏర్పడింది. మన కోలారు జిల్లా మనిషి, తెలుగు ఇంటివాడు.

రావిచెట్టు కింద పడినవాళ్ళది నిజమైన త్యాగం. దాని పక్కన నిలబడి దొరలు ఉండింటే బాగుండేదనడం మాకు నోరు రాదు. అయితే అక్కడ రక్తం ఇచ్చిన పల్లెల్లో జీతానికి పెట్టిన పిల్లల సంగతి ఆ ఒప్పందంలో లేదు. వెట్టి చాకిరీ రద్దు చట్టం రావడానికి 1976 దాకా ఆగాలి. దళితులకు ప్రభుత్వం ఇచ్చిన భూములను ఇంకొకళ్ళు కొట్టేయకుండా కర్ణాటకలో పిటిసిఎల్ చట్టం రావడానికి 1978 దాకా.

మన సొంత తెహెరోస్ సభ కూడా ఒకటుంది. దాని గురించి చర్చిల్లో మాట్లాడరు. రాజ్యాంగ సభలో మైనారిటీల ఉపసంఘానికి అధ్యక్షుడు హెచ్.సి. ముఖర్జీ, బెంగాలీ క్రైస్తవుడు, ఉత్తముడు. 1949లో మతం పేరున చట్టసభల్లో సీట్లు మాకొద్దని క్రైస్తవ నాయకులు ముందుకొచ్చి ఒప్పుకున్నారు. దేశం ముక్కలైన గాయం మీద అది పెద్దమనసే. కానీ ఒప్పుకున్న కుర్చీల్లో కొండవెనక పల్లె మాదిగ క్రైస్తవుడు లేడు. ఏడాది తిరిగేసరికి 1950 ఆగస్టు 10న రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చి, హిందువు కాకపోతే షెడ్యూల్డు కులం కాదంది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తీశారు. మనకు తీయలేదు. ఏటా ఆ తారీకున నల్ల రిబ్బను కట్టుకుంటున్నాం. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ తలుపు తీయమంది, 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేశారు. రిబ్బను మాత్రం బీరువాలోనే ఉంది, వచ్చే ఆగస్టుకు పనికొస్తుంది.

కాబట్టి "ఉండింటే" అనే ప్రశ్న అడగాలనుకుంటే సరైన చోట అడగండి. 1949లో ఆ కుర్చీలో మనవాడొకడు ఉండింటే? కంబాలపల్లి సాక్షులకు పోలీసు కాపలా, పక్కన నిలబడే సంఘం ఉండింటే? సాగువళి చీటి చేతికొచ్చినప్పుడు దాన్ని చదివి చెప్పే మనిషి ఇంట్లో ఒకడు ఉండింటే? అరణ్యంలో నడిచి నడిచి కాళ్ళు నొప్పెట్టి ఐగుప్తు మాంసపు కుండలు తలుచుకున్నవాళ్ళను మోషే తిట్టాడు గానీ, ఆకలి అబద్ధమనలేదు. మీ ఆకలి కూడా అబద్ధం కాదు. కుండ ఎవరిదో మరిచిపోతున్నారు, అంతే.

దేవనహళ్ళిలో 2008లో విమానాశ్రయం తెరిచాక ఈ హైవే పక్క ఎకరం ధర ఏమైందో మీకు మాకంటే బాగా తెలుసు. 2020లో భూసంస్కరణల చట్టాన్ని సవరించి, వ్యవసాయం చెయ్యనివాళ్ళు కూడా పొలాలు కొనొచ్చన్నారు. పేరేసంద్ర క్రాసు నుంచి రెండు వైపులా లేఅవుట్ల బోర్డులు చూస్తూనే ఉన్నారు. ఆ బోర్డు కింద ఉన్న భూమిలో కొంత మీ తాతకు ప్రభుత్వం ఇచ్చిందే అయ్యుండొచ్చు. పెళ్ళి ఖర్చుకో బోరు అప్పుకో చేతులు మారి ఉండొచ్చు. పిటిసిఎల్ చట్టం ప్రకారం, అనుమతి లేకుండా జరిగిన అలాంటి అమ్మకం చెల్లదని అసిస్టెంటు కమిషనరు దగ్గర అర్జీ పెట్టుకోవచ్చు. చాలా ఏళ్ళయింది, ఇప్పుడు కుదరదని 2017 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత అర్జీలు కొట్టేస్తూ వచ్చారు. 2023లో కర్ణాటక చట్టసభ సవరణ తెచ్చి, కాలపరిమితి అడ్డు కాదంది. ఈ సవరణ వచ్చిందని మొన్న కూర్చున్న ముప్పై మందిలో ఇద్దరికే తెలుసు. బ్రిటిష్ రాణి కిరీటంలో వజ్రం ఎక్కడిదో మాత్రం అందరికీ తెలుసు.

వచ్చే నెల రెండో ఆదివారం మళ్ళీ అక్కడే కూర్చుంటున్నాం, ఆరాధన తర్వాత. ఈసారి బైబిలుతో పాటు ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున ఉన్న పాత పహణీలు, సాగువళి చీటీలు, తాత వేలిముద్ర ఉన్న కాగితం ఏదైనా సరే, తీసుకురండి. చెదలు పట్టినవైనా పర్వాలేదు. కన్నడంలో ఉన్నాయని బెంగపడొద్దు, మీరే బళ్ళో చదివింది కన్నడం కదా, పెద్దవాళ్ళకు చదివి వినిపించేది మీరే. సర్వే నంబర్లు ఒక నోటుబుక్కులో రాసుకుందాం. వెనక వరస తమ్ముడూ, నువ్వు తప్పకుండా రావాలి. నీకు ముందు వరసలోనే చోటు పెడతాం, అన్నం కూడా ముందే తిని కూర్చుందాం.